నాన్న ఫోన్‌లో తెల్ల సుడి

2025 అక్టోబరు 28 రాత్రి. మొంథా తుపాను తీరం దాటుతోంది. మా కోనసీమలో కరెంటు లేదు, ఫోన్‌లో 12 శాతం చార్జింగ్. నాన్న దాన్ని కళ్లజోడుకి ఆనించుకుని ఇన్శాట్ ఉపగ్రహం తీసిన బొమ్మ చూస్తున్నారు. "ఇదిగో, ఈ తెల్ల సుడి కింద మనం!" నానమ్మ వత్తి ఎగదోస్తూ, "96 తుపానులో పక్కింటి పెంకులు మన వాకిట్లో పడ్డాకే మాకు తెలిసింది" అంది.

తర్వాతి ఆదివారం సాయంత్రం శ్రీహరికోట నుంచి ఎల్‌వీఎం3 రాకెట్, 4,410 కిలోల సీఎంఎస్-03 ఉపగ్రహాన్ని మోసుకెళ్తుంటే టీవీ ముందు కూర్చున్నాం. పెరట్లో మొవ్వు విరిగిన కొబ్బరిచెట్లు అలాగే ఉన్నాయి. నాన్న ధ్యాస మాత్రం జులైలో వెళ్లిన నైసార్ ఉపగ్రహం మీదే. మబ్బు పట్టినా, చీకటైనా దాని రాడార్‌కి నేల కనిపిస్తుంది. 12 రోజుల్లో రెండుసార్లు చూస్తుంది. "మన చేలో నీళ్లు ఎన్నాళ్లు నిలిచాయో దాన్ని అడగాలిరా" అన్నారు. ఆయన నవ్వలేదు, నేనూ నవ్వలేదు.

ఇక మనుషుల్ని అంతరిక్షానికి పంపే గగన్‌యాన్. ముందు వ్యోమమిత్ర అనే రోబో, తర్వాతే మనుషులు అని చెప్పాను.

నానమ్మ: "చార్జింగ్ నిండా పెట్టుకుని వెళ్లమను."