సుషీకి అన్నం కలిపిన ఆదివారం

నెల్లూరు నుంచి అమ్మ వచ్చి ఉంది, చెన్నై వలసరవాక్కంలో వంటిల్లు ఉక్కపోస్తోంది. అయినా సరే, వెనిగర్ కలిపిన అన్నంతో చేసే జపాన్ వంటకం సుషీ ఈ రోజే చేయాలనుకున్నాను.

"పచ్చి చేప వేస్తారటగా?" అని అమ్మ బెంగ. వేయలేదు. కాసిమేడు చేపల రేవులో తెల్లవారుజామున దిగిన చేపైనా సరే, పచ్చిగా తినాలంటే పరాన్నజీవులు చచ్చేలా మైనస్ 20 డిగ్రీల్లో 7 రోజులు ఉంచాలి. అందుకు ఇంటి ఫ్రీజర్‌ను నమ్ముకోలేం. ఉడికించిన రొయ్యలు, కీరదోస చాలు.

అందరూ చేప గురించే మాట్లాడతారు గానీ, నా మటుకు సుషీ అంటే అన్నమే. సోనామసూరి పొడిపొడిగా వస్తుంది, చుట్ట నిలవదు. అన్నాన్ని పొడిపొడిగా ఉంచే పిండిపదార్థం ఎమైలోజ్ తక్కువగా ఉండే జపాన్ పొట్టి బియ్యం కావాలి. నీళ్లు తేటపడేదాకా కడిగి, అరగంట నానబెట్టి, 2 గ్లాసుల బియ్యానికి అంతకంటే కాస్త ఎక్కువ నీళ్లు పోసి వండాను. పావు గ్లాసు బియ్యపు వెనిగర్‌లో 2 పెద్ద చెంచాల చక్కెర, ఒక చిన్న చెంచా ఉప్పు కరిగించి, వేడి అన్నం మీద చల్లాను. అక్కడి నుంచి గరిటె అమ్మ చేతికి వెళ్లింది. పులిహోర కలిపినట్టే, మెతుకు చితక్కుండా అంచుతో కోస్తూ తిరగేస్తూ, నన్ను గాలి విసరమంది. విసిరేకొద్దీ తడి ఆరి, మెతుకు మెతుకూ నిగనిగలాడింది. ఎంత సంతోషమేసిందో!

చెన్నై గాలికి, సుషీని చుట్టే నోరి (ఎండిన సముద్రపు నాచు) రేకులు ఇట్టే మెత్తబడతాయి. అందుకే చుట్టే ముందు ఒక్కొక్కటే తీసి సన్న సెగకు చూపించాను. నునుపు వైపు కిందికి ఉంచి, వెనిగర్ నీళ్లతో చేయి తడుపుకుని, అవతలి అంచున వేలెడు జాగా వదిలి పలచగా అన్నం పరిచాను. వెదురు చాపతో బిగించాలి గానీ పిండకూడదు. కోసేటప్పుడు ప్రతిసారీ కత్తిని తడిగుడ్డతో తుడవాలి.

రొయ్యలు వంకర తిరగకుండా పుల్ల గుచ్చి ఉడికించాను. "లాగకు, తిప్పుతూ తియ్యి" అంది అమ్మ. చీలకుండా వచ్చాయి.

సుషీతో తినే ఘాటైన పచ్చ ముద్ద వసాబి నాలుకకు తగలగానే "ఇందులో ఆవ ఉందే" అంది అమ్మ. ట్యూబు తిప్పి చూస్తే పదార్థాల్లో ఆవాలు ఉన్నాయి! మామూలుగా దొరికేవాటిలో అసలు వసాబి తక్కువే.

మిగిలినవి అమ్మ ఫ్రిజ్‌లో పెట్టబోతే వద్దన్నాను, చలికి ఈ అన్నం బిరుసెక్కుతుంది. మధ్యాహ్నమే అన్నీ తినేశాం. ఈసారి మామిడికాయ ముక్కలు పెట్టి చుట్టమంది అమ్మ.