బావ గిత్తల పందెం, షాట్‌కట్‌తో నా తిప్పలు

మా బావకి ఒంగోలు గిత్తల జత ఉంది. ఊరు మద్దిపాడు వైపు. సంక్రాంతికీ తిరునాళ్ళకీ ఎక్కడ బండలాగుడు పోటీ పెట్టినా జతని బండెక్కించుకుని పోవాల్సిందే. ఈసారి నాలుగు పళ్ళ విభాగంలో (పళ్ళని బట్టే గిత్తల వయసు కడతారు) దింపాడు. మా మేనల్లుడు పందెం మొత్తం ఫోన్‌లో తీశాడు. "నువ్వు రోజూ కంప్యూటర్ ముందే గదా కూర్చునేది బామ్మర్దీ, దీన్ని కాస్త వీడియోలాగా చేసి పెట్టు" అని బావ నా మీద పడేశాడు. ఎరువుల కొట్లో బస్తాల లెక్కలు ఎక్కించడం వేరు, ఇది వేరు అని చెప్పినా ఆయన చెవికెక్కదు.

ముందు ఫోన్ యాప్‌లు చూశాను. ఒకదాంట్లో వీడియో మీద వాళ్ళ ముద్ర పడుతుంది, అది పోవాలంటే నెలనెలా డబ్బు కట్టాలి. ఏడాదికి నాలుగైదు పందేల కోసం అంత అవసరమా అనిపించి ఓపెన్ సోర్స్ వైపు, అంటే కోడ్ అందరికీ తెరిచి ఉంచి ఊరికే ఇచ్చే వీడియో ఎడిటర్ల వైపు తిరిగాను. కేడెన్‌లైవ్, ఓపెన్‌షాట్, షాట్‌కట్ పేర్లు ఎక్కువగా వినపడ్డాయి. కేడెన్‌లైవ్ 2002లో మొదలైందట. అదీ షాట్‌కట్టూ లోపల ఎంఎల్‌టీ అనే ఒకే ఇంజన్ మీద నడుస్తాయి. నేను షాట్‌కట్ పట్టుకున్నాను. పెద్ద కారణమేం లేదు, తెరవగానే స్క్రీన్ ఖాళీగా ఉంది, కంగారు పెట్టలేదు. మరీ ఎంత ఖాళీ అంటే వీడియో ముక్కలు వరసగా పేర్చుకునే టైమ్‌లైన్ కూడా కనపడలేదు. పైన వరసలో టైమ్‌లైన్, ఫిల్టర్స్ అని బటన్లు ఉంటాయి, అవి నొక్కితే కింద, పక్కన తెరుచుకుంటాయి.

అసలు కథ ఫైల్ తెరవగానే మొదలైంది. ఈ ఫైల్ వేరియబుల్ ఫ్రేమ్ రేట్‌లో ఉంది, ఎడిటింగ్‌కి నమ్మకం లేదు, మార్చమంటావా అని అడిగింది. అదేందో తెలుసుకున్నాక గానీ ముందుకు పోబుద్ధి కాలేదు. ఫోన్ కెమెరా సెకనుకి ఇన్ని ఫ్రేములని, అంటే ఇన్ని బొమ్మలని, ఒక్క తీరున తీయదు. వెలుతురు తగ్గినా, ఫోన్ వేడెక్కినా సెకనుకి ముప్పై తీసేది ఇరవై ఎనిమిదికో ఇరవై ఐదుకో జారుతుంది. ఊరికే చూసేటప్పుడు తేడా తెలియదు. ఎడిటర్ మాత్రం లెక్క తప్పని ఫ్రేముల మీద పనిచేస్తుంది, అందువల్ల నిడివి పెరిగే కొద్దీ బొమ్మ ఒక దారి, శబ్దం ఒక దారి అయిపోవచ్చు. బండలాగుడుకి ఇంతకంటే ముప్పు ఏముంటుంది చెప్పండి. విజిల్ వేస్తే గడియారం మొదలు, మళ్ళీ విజిల్ పడితే బండ ఎక్కడుంటే అక్కడికి టేపు పెట్టి అడుగులు, అంగుళాలు కొలుస్తారు. విజిల్ ఒకచోట, గిత్తల అడుగు ఇంకోచోట పడితే బావ నన్ను ఊళ్ళోకి రానివ్వడు.

మార్చడానికి గుడ్, బెటర్, బెస్ట్ అని మూడు మెట్లు ఇస్తుంది. పైమెట్టుకి పోయే కొద్దీ నాణ్యత, దాంతోపాటు ఫైల్ సైజూ. బెస్ట్‌కి పోతే హార్డ్ డిస్క్ మొత్తం తినేసేట్టుంది, గుడ్ చాలనుకున్నాను. ఫోన్ వీడియోకి అంతకంటే ఎందుకు? నాది పాత ల్యాప్‌టాప్, అప్పటికీ ప్లే చేస్తుంటే ఆగి ఆగి నడిచింది. సెట్టింగ్స్‌లో ప్రాక్సీ అని ఒకటుంది. అది పెడితే మనం పనిచేసేంతసేపూ చిన్న నకలు వాడుకుంటుంది, చివర్లో ఎక్స్‌పోర్ట్, అంటే తయారైన వీడియో, మాత్రం అసలు ఫైల్ నుంచే తీస్తుంది. పాత సిస్టమ్ ఉన్నవాళ్ళు ముందు ఈ పని చేయండి.

కోయడం చాలా సులువు. ఎస్ నొక్కితే ముక్క తెగుతుంది, ఎక్స్ నొక్కితే ఆ ముక్క పోయి వెనకది ముందుకు జరుగుతుంది. మనం ఎంత కోసినా అసలు ఫైల్‌కి ఏమీ కాదు. ఎక్కడ తెంచాం, ఏది ఎక్కడ పెట్టాం అనే లెక్క మాత్రమే ప్రాజెక్టు ఫైల్‌లో ఉంటుంది.

ఎక్కడ కోయాలనే దగ్గరే పంచాయితీ వచ్చింది. మేనల్లుడికి అర నిమిషం రీల్ కావాలి, వెనక మాస్ పాట పెట్టి. "మామా, పది నిమిషాలు ఎవరు చూస్తారు?" అంటాడు. బావకి ఒక్క సెకను కూడా పోకూడదు. నాకు బావ మాటే న్యాయం అనిపించింది. గిత్తలు బండని ఆ కొసకి లాగి మలుపు తిప్పేటప్పుడు చూడాలి జత పనితనం. కాడి కింద రెండూ ఒక్కసారి వంగకపోతే బండ నేలకి కరుచుకుపోతుంది, అక్కడే టైమ్ పోతుంది. ఆ మలుపు కోసేస్తే వీడియోలో గిత్తలు పరిగెత్తినట్టు ఉంటుంది తప్ప పందెం ఉండదు. అందుకే విజిల్ నుంచి విజిల్ దాకా ముట్టుకోకుండా వదిలేసి, ముందూ వెనకా ఉన్న గోల తీసేశాను. మూలన గడియారం తిరగాలని బావ అడిగాడు. ఫిల్టర్స్‌లో టైమర్ అని ఉంది, పైకి లెక్కపెట్టాలా కిందకి లెక్కపెట్టాలా అని కూడా అడుగుతుంది. విజిల్ పడిన చోటు నుంచి పెట్టాను.

సౌండ్ కొంతవరకే బాగుపడింది. మైకు దగ్గరున్న కామెంట్రీ ఆయన గొంతు ఫోన్‌లోకి ఎక్కేటప్పుడే పగిలింది, దాన్ని ఏ ఫిల్టరూ తిరిగి తేలేదు. గాలి హోరుకి హై పాస్ అనే ఫిల్టర్ పెడితే కింది మోత తగ్గి, బండ నేల మీద రాసుకునే గరగర వినపడింది.

టైటిల్‌కి టెక్స్ట్ సింపుల్ ఫిల్టర్‌లో రామభద్ర ఫాంట్ వాడాను. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతుంది, లావుగా ఉంటుంది, దూరం నుంచి కూడా చదవొచ్చు. 'గిత్తలు'లో తవత్తు పడాల్సిన చోటే పడింది. వత్తులు విడిపోతాయేమోనని నాకు అదే టెన్షన్. "బ్రెజిల్ దాకా పోయిన జాతి అని కూడా వెయ్యి" అన్నాడు బావ. నిజమే, కానీ అక్కడ ఈ జాతిని నెలోర్ అంటారు, ఆ పేరు పడిన రోజుల్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలోదే మరి. ప్రకాశం జిల్లా పుట్టిందే 1970లో. ఆ ముక్క వినగానే బావ ఆ లైన్ తీసేయమన్నాడు.

ఎక్స్‌పోర్ట్‌కి యూట్యూబ్ ప్రీసెట్ ఎంచుకుని రాత్రి వదిలేసి పడుకున్నాను. పొద్దునకి ఫైల్ తయారు, ఎక్కడా ఎవరి ముద్రా లేదు.

అవతలి కొస నుంచి మా అక్క మరిది కూడా తీశాడని తర్వాత తెలిసింది. షాట్‌కట్‌లో రెండు ఫోన్ల శబ్దాన్ని పోల్చి జత కలిపే ఏర్పాటు ఉంది, రెండిట్లోనూ ఆ కామెంట్రీ మైకే మోగుతోంది కాబట్టి పనవ్వాలి. చిక్కల్లా ఆయన వీడియోలోనే ఉంది. గిత్తలు దగ్గరికొచ్చినప్పుడల్లా ఫోన్ దించేసి ఈల వేశాడు, సగానికి సగం నేలే కనపడుతోంది.