సెలవుల్లో షుగరు, వేళ తప్పే భోజనాలు

పొద్దున పరగడుపున షుగర్ 124 వచ్చింది. డాక్టరు గారు నాకు పెట్టిన హద్దు 80 నుంచి 130, కాబట్టి ఊపిరి పీల్చుకున్నాను. నిద్ర చాలకపోయినా షుగర్ పెరుగుతుంది. సెలవులకు అందరూ వచ్చారేమో, రాత్రి కబుర్లతో పడుకునేసరికి బాగా పొద్దుపోయింది.

పండగ అనగానే అందరి చూపూ నా చేతిలోని స్వీటు మీదే ఉంటుంది. నిజానికి నాకు స్వీటు కంటే భోజనం వేళతోనే ఎక్కువ టెన్షన్. మామూలుగా ఒంటిగంటకల్లా తినేస్తాం. ఇంటినిండా జనం ఉంటే అది రెండవుతుంది, మూడవుతుంది. నేను వేసుకునే గ్లిమిపిరైడ్ అనే షుగరు మాత్రకు అదేం తెలుసు? తిన్నా తినకపోయినా ఒంట్లో ఇన్సులిన్ విడుదల చేయిస్తూనే ఉంటుంది, వేళకు తినకపోతే షుగర్ మరీ పడిపోతుంది. ఉత్త మెట్‌ఫార్మిన్ అనే ఇంకో షుగరు మాత్ర వాడేవాళ్ళకు ఈ బెడద చాలా తక్కువ. రాత్రి విందుందని మధ్యాహ్నం తిండి మానేసేవాళ్ళను చూస్తే అందుకే నాకు భయం.

ఇవాళ వంట ఇంకా కాలేదు. పండ్లు కోస్తుంటే చేతులు సన్నగా వణికాయి, మెడ మీద చెమట పట్టింది. ముందు సబ్బుతో చేతులు కడుక్కుని తుడుచుకున్నాను. వేలికి పండ్ల రసం అంటుకుని ఉంటే మీటరు లేని షుగరు చూపిస్తుంది, పడిపోయిన సంగతి తెలియకుండా పోతుంది. వేలి పక్కన గుచ్చి చూస్తే 66. 70 కంటే తగ్గితే ఇక ఆలోచించేది లేదు. వదిన కంగారుగా స్వీటు పట్టుకొచ్చింది. "వద్దు వదినా, గ్లూకోజ్ ఇవ్వు" అన్నాను. స్వీట్లో కొవ్వు ఉంటే అందులోని చక్కెర రక్తంలోకి చేరడానికి టైము పడుతుంది. 15 గ్రాముల గ్లూకోజ్ నీళ్ళలో కలుపుకుని తాగి, పావుగంట ఆగి మళ్ళీ చూసుకుంటే 92. అప్పుడే భోజనానికి కూర్చున్నాను.

కంచంలో సగం కూరగాయలే పెట్టుకున్నాను. ముందు అవి, తర్వాత గుడ్డు, చివర్లో అన్నం. ఈ వరసలో తింటే షుగర్ ఒక్కసారిగా ఎగబాకదు, నా మీటరులోనే చాలాసార్లు చూశాను. స్వీటు కూడా తిన్నాను, మేనకోడలితో చెరిసగం. ఎవరో నా కోసమే షుగర్‌ఫ్రీ డబ్బా తెచ్చారు. ప్రేమగా తెచ్చారు, కాదనలేదు. కానీ చక్కెర వేయకపోయినా అందులో పిండి ఉంటుంది, పాలు ఉంటాయి, కాబట్టి అదీ లెక్కలోకే వస్తుంది. తిన్నాక అన్నయ్యతో కలిసి కాసేపు నడిచాను. రెండు గంటలకు 171. తిన్నాక నా హద్దు 180, అది దాటలేదు.

సాయంత్రం వదిన పక్కన కూర్చుని ఈ మాత్ర సంగతంతా విడమర్చి చెప్పాను. ఇన్నేళ్ళుగా తీపి పెట్టకపోతే చాలనుకుందట పాపం. రేపటి నుంచి మిగతావాళ్ళు ఎప్పుడు తిన్నా సరే, నాకూ బాబాయికీ ఒంటిగంటకే వడ్డిస్తానంది. బాబాయి భోజనానికి ముందు ఇన్సులిన్ వేసుకుంటారు. వంట పూర్తయిందని వదిన చెప్పాకే ఇంజెక్షన్ తీయమని ఆయనకూ చెప్పాను.