కస్టమ్ కంట్రోల్ లోపల డైలాగ్ కనబడాలంటే

మామిడి సీజన్‌లో చిత్తూరు చుట్టుపక్కల పల్ప్ ఫ్యాక్టరీల కాటా గదిలో ఉండే స్క్రీన్‌నే ఉదాహరణగా తీసుకుందాం. పైన పెద్ద అంకెల్లో బరువు, దాని కిందే బండి నంబరు, రైతు పేరు, ఖాళీ బరువు, రేటు నింపే గడులు. బరువు చూపించేది మనం సొంతంగా రాసుకున్న కస్టమ్ కంట్రోల్. గడులన్నీ రిసోర్స్ ఎడిటర్‌లో గీసుకున్న డైలాగ్. ఈ డైలాగ్‌ని ఆ కంట్రోల్ లోపల కూర్చోబెట్టాలి. ఇక్కడ చెప్పేదంతా విజువల్ సీ++, ఎంఎఫ్‌సీ (విండోస్ ప్రోగ్రాములకు మైక్రోసాఫ్ట్ ఇచ్చే సీ++ లైబ్రరీ) లెక్కన.

గడులు మూడు నాలుగే అయితే డైలాగ్ జోలికి పోకండి. ఎడిట్ బాక్సుల్ని కంట్రోల్ లోపలే నేరుగా క్రియేట్ చేసుకోవడం తేలిక. ఆరేడు దాటి, వాటి చోట్లు తరచూ మార్చాల్సి వస్తుంటేనే ఈ శ్రమకు ఫలితం.

ముందు టెంప్లేట్, అంటే ఎడిటర్‌లో గీసుకున్న డైలాగ్ నమూనా సంగతి. డైలాగ్ ప్రాపర్టీస్‌లో స్టైల్ 'చైల్డ్', బోర్డర్ 'నన్', టైటిల్ బార్ తీసేయాలి, 'కంట్రోల్' అన్నది ట్రూ చేయాలి. ఆ చివరిదే డీఎస్_కంట్రోల్. పాపప్ స్టైల్ అలాగే వదిలేస్తే డైలాగ్ కంట్రోల్ లోపల కాకుండా స్క్రీన్ మీద విడిగా తేలుతుంది. 'విజిబుల్' ట్రూ చేయకపోతే విండో తయారవుతుంది గానీ కనబడదు. అప్పుడు షోవిండో మీరే పిలవాలి. 'డైలాగ్ రావడం లేదు' అనే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఇంతే.

రెండో తరహా ఫిర్యాదుకు కారణం వేరియబుల్. డైలాగ్ ఆబ్జెక్టును ఫంక్షన్ లోపల లోకల్‌గా పెట్టి క్రియేట్ పిలుస్తారు. ఫంక్షన్ అయిపోగానే డిస్ట్రక్టర్ నడిచి విండోను కూడా మూసేస్తుంది. డీబగ్ బిల్డ్‌లో అవుట్‌పుట్ విండో చూస్తే డిస్ట్రక్టర్‌లో డిస్ట్రాయ్‌విండో పిలుస్తున్నట్టు వార్నింగ్ పడి ఉంటుంది. డైలాగ్‌ని కంట్రోల్ క్లాసులో మెంబర్‌గా పెట్టుకోండి.

అసలు తలనొప్పి ఎప్పుడు క్రియేట్ చేయాలన్న దగ్గర. కంట్రోల్‌ను ప్రధాన డైలాగ్ (దాన్ని మోసే బయటి విండో) టెంప్లేట్‌లోనే 'కస్టమ్ కంట్రోల్'గా పెట్టి డీడీఎక్స్_కంట్రోల్‌తో మీ క్లాసు వేరియబుల్‌కు ముడిపెట్టారనుకోండి. విండోస్ ఆ కంట్రోల్‌ను ముందే తయారుచేసి ఉంటుంది, ఎంఎఫ్‌సీ తర్వాత వచ్చి సబ్‌క్లాస్ చేస్తుంది, అంటే దాని మెసేజ్‌లను మీ క్లాసు వైపు మళ్లిస్తుంది. అప్పటికే విండో తయారీ మెసేజ్ డబ్ల్యూఎం_క్రియేట్ వచ్చి వెళ్లిపోయింది కాబట్టి మీ ఆన్‌క్రియేట్‌లో రాసిన కోడ్ ఒక్క లైను కూడా నడవదు. సరే, ప్రీసబ్‌క్లాస్‌విండోలో పెడదామంటే, అదే కంట్రోల్‌ను రేపు ఎవరైనా కోడ్‌తో క్రియేట్ చేసినప్పుడు ఆ ఫంక్షన్ మరీ ముందుగా, విండో పూర్తిగా తయారుకాకముందే వస్తుంది. రెండు దారులకూ పనికొచ్చేది ఒకటే: కంట్రోల్ క్లాసులో 'ప్యానెల్‌అమర్చు' లాంటి పబ్లిక్ ఫంక్షన్ ఒకటి రాసి, ప్రధాన డైలాగ్ ఆన్‌ఇనిట్‌డైలాగ్‌లో బేస్ క్లాస్ పిలుపు అయ్యాక దాన్ని పిలవడం. కోడ్‌తో క్రియేట్ చేసినా, క్రియేట్ అయిన వెంటనే అదే ఫంక్షన్.

ఆ ఫంక్షన్‌లో చేయాల్సినవి వరసగా: కంట్రోల్‌కు డబ్ల్యూఎస్_క్లిప్‌చిల్డ్రన్ కలపడం, ఎక్స్‌టెండెడ్ స్టైల్‌లో డబ్ల్యూఎస్_ఈఎక్స్_కంట్రోల్‌పేరెంట్ (ట్యాబ్ లోపలి గడుల్లోకి దిగొచ్చని చెప్పే గుర్తు) కలపడం, మన కంట్రోల్‌నే పేరెంట్‌గా ఇచ్చి డైలాగ్‌ను క్రియేట్ చేయడం, గెట్‌క్లయింట్‌రెక్ట్‌తో చోటు చూసి మూవ్‌విండో చేయడం. తొలి డబ్ల్యూఎం_సైజ్ కూడా ముందే వెళ్లిపోయి ఉంటుంది, అందుకే మూవ్‌విండో ఇక్కడే చేయాలి. తర్వాతి సైజు మార్పులకు ఆన్‌సైజ్ ఉంది. అయితే అందులో ప్యానెల్ (లోపల కూర్చున్న మన డైలాగ్‌ను ఇకపై ఇలాగే పిలుద్దాం) హ్యాండిల్ ఉందో లేదో చూసుకున్నాకే ముట్టుకోండి. క్లిప్‌చిల్డ్రన్ మర్చిపోతే బరువు మారినప్పుడల్లా కంట్రోల్ తన బ్యాక్‌గ్రౌండ్‌ను గడుల మీద కూడా పూస్తుంది, గడులు మిణుకుమంటాయి. లారీ కాటా మీదికి ఎక్కుతున్నప్పుడు అంకెలు నిలకడగా ఉండవు కాబట్టి ఇది కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

కంట్రోల్‌పేరెంట్ మాత్రం అందం కోసం కాదు. డీఎస్_కంట్రోల్ ఉన్న డైలాగ్‌కు విండోస్ దాన్ని తానే తగిలిస్తుంది, మధ్యలో ఉన్న మన కంట్రోల్‌కు తగిలించదు. అది లేకుండా గడిలో కర్సర్ ఉన్నప్పుడు ట్యాబ్ కొడితే, ప్రధాన డైలాగ్ 'తర్వాతి కంట్రోల్' కోసం వెతుకుతూ బయలుదేరిన చోటుకు తిరిగి రాలేక అంతులేకుండా తిరుగుతుంది. సీపీయూ ఒక కోర్ నిండిపోతుంది, స్క్రీన్ బిగుసుకుపోతుంది. ఎర్రర్ ఏదీ రాదు. టాస్క్ మేనేజర్‌తో చంపడమే గతి.

ఇక ఎంటర్ కీ. కాటా దగ్గర కూర్చునే మనిషి మౌస్ ముట్టుకోడు. ఏపీ03 అని మొదలుపెట్టి బండి నంబరు కొట్టి ఎంటర్, పేరు కొట్టి ఎంటర్. ఎంఎఫ్‌సీ మామూలు డైలాగ్ క్లాస్ సీడైలాగ్‌ను అలాగే వాడితే మొదటి ఎంటర్‌కే ప్యానెల్ మాయమవుతుంది: ఎంటర్ ఆన్‌ఓకేకి, ఆన్‌ఓకే ఎండ్‌డైలాగ్‌కి పోతాయి. మోడల్ కాని (మిగతా విండోలను ఆపకుండా తెరుచుకునే) డైలాగ్‌ను ఎండ్‌డైలాగ్ దాచేస్తుందే తప్ప చంపదు. ఎస్కేప్ కొట్టినా ఆన్‌క్యాన్సిల్ ద్వారా అదే గతి. కాబట్టి ప్యానెల్‌లో ఆన్‌ఓకే, ఆన్‌క్యాన్సిల్ రెండూ ఓవర్‌రైడ్ చేసి ఖాళీగా వదిలేయండి. బటన్లకు ఐడీఓకే, ఐడీక్యాన్సిల్ కాకుండా సొంత ఐడీలు ఇవ్వండి.

ట్యాబ్ ప్యానెల్ దాటి ప్రధాన డైలాగ్ బటన్ల దాకా పోవాలంటే, ప్యానెల్ ప్రీట్రాన్స్‌లేట్‌మెసేజ్‌లో (కీ నొక్కులను ముందే చూసే ఫంక్షన్) సీడైలాగ్ వెర్షన్‌ను పక్కనపెట్టి, దాని బేస్ క్లాస్ సీడబ్ల్యూఎన్‌డీ వెర్షన్‌ను పిలవండి. కీలన్నీ ప్రధాన డైలాగ్ చూసుకుంటుంది. దీనికో మెలిక ఉంది: ఇప్పుడు ఎంటర్ కొడితే ప్రధాన డైలాగ్ ఓకే నడిచి మొత్తం విండోనే మూసుకుపోతుంది! అందుకే అదే ప్రీట్రాన్స్‌లేట్‌మెసేజ్‌లో ముందుగా, వచ్చింది డబ్ల్యూఎం_కీడౌన్, కీ వీకే_రిటర్న్, ఫోకస్ ఎడిట్ బాక్స్ మీద అయితే నెక్స్ట్‌డైలాగ్‌కంట్రోల్ పిలిచి ట్రూ తిరిగివ్వండి. ఎంటర్ ట్యాబ్‌లా పనిచేస్తుంది. కాటా గదిలో వాళ్లకు కావాల్సిందీ అదే.

ప్యానెల్‌లో 'బరువు పట్టు' బటన్ నొక్కితే డబ్ల్యూఎం_కమాండ్ ప్యానెల్‌కే వస్తుంది. పైనున్న కంట్రోల్‌కు తెలియదు. ప్యానెల్ నుంచి కంట్రోల్‌కు సొంత మెసేజ్ పంపాలి, దాని నంబరు డబ్ల్యూఎం_యాప్ నుంచి మొదలుపెట్టండి. డబ్ల్యూఎం_యూజర్ అలవాటు ఇక్కడ దెబ్బతీస్తుంది: డబ్ల్యూఎం_యూజర్+0, +1 రెండూ డైలాగుల డిఫాల్ట్ బటన్ మెసేజ్‌లు, కంట్రోల్ నుంచి ప్యానెల్‌కు అదే నంబరుతో ఏదైనా పంపితే కలగాపులగం అవుతుంది. బటన్ నొక్కితే ప్యానెల్ మూసేసే పని ఉంటే పని అయ్యేదాకా ఆగే సెండ్‌మెసేజ్ కాదు, క్యూలో వేసి వచ్చేసే పోస్ట్‌మెసేజ్ వాడాలి. లేకపోతే హ్యాండ్లర్ ఇంకా నడుస్తుండగానే దాని విండో పోతుంది.

క్రియేట్ ఫాల్స్ ఇస్తే గెట్‌లాస్ట్‌ఎర్రర్ వెంటనే చదవండి. 1406 వస్తే చైల్డ్ స్టైల్ ఉంది గానీ పేరెంట్ హ్యాండిల్ సున్నా, అంటే మళ్లీ సమయం తప్పింది. 1407 అయితే టెంప్లేట్‌లో రాసిన విండో క్లాస్ రిజిస్టర్ కాలేదు. ఇది ప్రధాన డైలాగ్‌లోనే జరిగితే డూమోడల్ -1 ఇచ్చి ఊరుకుంటుంది, స్క్రీనే రాదు. మీ క్లాస్ రిజిస్ట్రేషన్ డూమోడల్ కంటే ముందు నడవాలి. 1813, 1814 వస్తే రిసోర్స్ దొరకలేదు. కంట్రోల్ డీఎల్ఎల్‌లో ఉండి, టెంప్లేట్ కోసం ఈఎక్స్ఈలో వెతుకుతోందన్నమాట. రెగ్యులర్ ఎంఎఫ్‌సీ డీఎల్ఎల్ అయితే బయటికి కనబడే ప్రతి ఫంక్షన్ మొదట్లో, వెతుకులాటను డీఎల్ఎల్ వైపు తిప్పే ఏఎఫ్ఎక్స్_మేనేజ్_స్టేట్ మాక్రో పెట్టాలి.

లేబుళ్లు తెలుగులో పెడుతుంటే ఇంకో రెండు సంగతులు. ప్రాజెక్టు యూనికోడ్ క్యారెక్టర్ సెట్‌లో, రిసోర్స్ ఫైల్ యూటీఎఫ్-16లో ఉండాలి. తెలుగుకంటూ సిస్టమ్ ఆన్సీ కోడ్ పేజీ (యూనికోడ్‌కు ముందటి అక్షరాల పట్టిక) లేదు కాబట్టి ఆన్సీ బిల్డ్‌లో ప్రశ్నార్థకాలే మిగులుతాయి. ఇక ఎడిటర్ ఇచ్చే స్టాటిక్ లేబుల్ ఎత్తు 8 డైలాగ్ యూనిట్లు. డైలాగ్ యూనిట్ నిలువుగా ఫాంట్ ఎత్తులో ఎనిమిదో వంతు, అదీ డైలాగ్‌కు చెప్పిన ఫాంట్‌ది. ఎంఎస్ షెల్ డైలాగ్ ఫాంట్‌లో తెలుగు అక్షరాలు లేక విండోస్ వేరే ఫాంట్ తెచ్చుకుంటుంది, దాని ఎత్తు ఈ లెక్కలో ఉండదు, 'రాష్ట్రం'లో ఒత్తులు కింద తెగిపోతాయి. ఫాంట్ నిర్మలా యూఐగా మార్చి (విండోస్ 8 నుంచి ఉంది, విండోస్ 7 మెషీన్లకైతే గౌతమి), లేబుల్ ఎత్తు 12కి పెంచండి. ఫాంట్ మారగానే ప్యానెల్ మొత్తం కొలత కూడా మారుతుంది. కాబట్టి కంట్రోల్‌లో ప్యానెల్ ఎత్తును పిక్సెల్స్‌లో రాసిపెట్టుకోకుండా మ్యాప్‌డైలాగ్‌రెక్ట్‌తో లెక్కకట్టించండి.