చదవలేని పేజీ

గల్ఫ్‌కొచ్చిన కొత్తలో డిజైనర్‌గా నా చేతికిచ్చిన మొదటి పని 12 పేజీల బ్రోషర్. సగం ఇంగ్లిష్, సగం అరబ్బీ. అరబ్బీలో నాకు ఒక్క అక్షరం కూడా రాదు. ఇచ్చిన మేటర్ పేస్ట్ చేసి, హెడ్డింగ్ కాస్త విశాలంగా కనిపించాలని అక్షరాల మధ్య ఎడం పెంచాను. ఇంగ్లిష్‌కి అలవాటుగా చేసేదే కదా. అరబ్బీ పేజీ చూసి మా సీనియర్ తల పట్టుకున్నాడు. ఆ లిపిలో చాలా అక్షరాలు చేయీ చేయీ పట్టుకుని నడుస్తాయి. నేను వాటిని విడదీసి దూరంగా నిలబెట్టాను. మాట సాగాలంటే అక్షరాలను కలిపే గీతనే పొడిగించాలి, దాన్ని కషీదా అంటారని ఆరోజే తెలిసింది.

ఇక లేఅవుట్. ఇంగ్లిష్ పేజీని అద్దంలో చూసినట్టు తిప్పేస్తే అయిపోతుందనుకున్నాను. చాలావరకు అంతే. అరబ్బీ కుడి నుంచి ఎడమకు చదువుతారు, చూపు కుడివైపు పైమూల నుంచి మొదలవుతుంది కాబట్టి లోగో, హెడ్డింగ్, బులెట్లు అన్నీ కుడికి పోతాయి. బాణం గుర్తు కూడా తిరుగుతుంది. కానీ అంకెలు మాత్రం ఎడమ నుంచి కుడికే. ఫొటోని తిప్పామా, అందులో ఎవరి చేతికో ఉన్న గడియారం తిరగబడుతుంది. ఇంగ్లిష్ వాళ్లకు చివరి అట్ట అయినది అరబ్బీ వాళ్లకు మొదటి అట్ట. రెండు భాషలూ రెండు చివర్ల నుంచి బయల్దేరి మధ్య పేజీలో కలుస్తాయి.

భాష రాకపోవడం ఒకందుకు మంచిదే అయింది. చదవలేను కాబట్టి పేజీలో నల్లటి దిమ్మెలు, వాటి మధ్య తెల్లటి ఖాళీలు మాత్రమే కనిపించేవి. కళ్లు సగం మూసి చూస్తే ముందు ఒక్కటే కంటికి తగలాలి. నా పేజీలో నాలుగు తగిలేవి, అన్నీ బోల్డే! మూడు తగ్గించాక పేజీకి ఊపిరాడింది. ఖాళీ కనిపిస్తే చాలు, అక్కడేదో పెట్టమనే క్లయింట్లు మాత్రం ఏ దేశంలోనైనా ఉంటారనుకుంటా. అన్నిటికీ సరేనంటాను గానీ మార్జిన్ల దగ్గర మాత్రం తగ్గను.

రంగులతో ఇంకో దెబ్బ. స్క్రీన్ మీద నిగనిగలాడిన నీలం ప్రింట్‌లో ఊదాగా వచ్చింది. ప్రింటింగ్ ఇంకుల్లో సయాన్ (ఆకాశనీలం లాంటిది), మెజెంటా (ముదురు గులాబీ) రెండూ సమానంగా పోస్తే జరిగేది అదే. నీలం నీలంలా ఉండాలంటే మెజెంటా కనీసం 30 శాతం తక్కువ ఉండాలి. చిన్న అక్షరాలకు నలుపు ఒక్కటే వాడాలి. సయాన్, మెజెంటా, పసుపు, నలుపు నాలుగు ఇంకులూ కలిపిన నలుపైతే, ఒక్కో ఇంకునూ అచ్చువేసే ప్లేట్లు వెంట్రుకవాసి జరిగినా అక్షరం అంచుల్లో రంగు తొంగిచూస్తుంది. ఎరుపు మీద ఆకుపచ్చ అక్షరాలు కావాలని ఎవరైనా పట్టుబడితే నేను వాదించను. పేజీని గ్రేస్కేల్‌లోకి మార్చి చూపిస్తాను. రెండూ ఒకే బూడిదరంగులో కలిసిపోతే వాళ్లే మార్చమంటారు.

ఇప్పటికీ అరబ్బీ చదవలేను. ఫైలు ప్రెస్‌కి పంపేముందు ఆ భాష వచ్చినవాళ్లు ఒకసారి చూడాల్సిందే. అరబ్బీ అంకెలు మాత్రం వచ్చేశాయి. ఫోన్ నంబర్ తప్పు పడితే ముందు పట్టుకునేది నేనే.