మ్యాప్‌లో లేని మూల

నిన్న మా డివిజన్ మీటింగుకు పోయొచ్చినప్పటి నుంచి ఒకటే ఆలోచన. డ్రైనేజీ పని మీద ప్రజాభిప్రాయం అన్నారు, గోడకు పెద్ద మ్యాప్ అంటించారు, అందులో పేర్లన్నీ ఇంగ్లీషులో, చీమ తలకాయంత అక్షరాలు. పదిహేను నిమిషాల్లో అయిపోగొట్టి సంతకాల కాగితం తిప్పారు. నేనూ పెన్ను తీశాను, అబద్ధం ఎందుకు.

అంతలో మా వెనకింటి అవ్వ లేచి, "సారూ, గిట్ల కాదు, నీళ్లొచ్చి గీ మూలకు ఆగుతయి" అని గోడ దగ్గరికి పోయి వేలు పెట్టి చూపించింది. 2020 ఆగస్టు వానలకు హనుమకొండలో కాలనీలు మునిగినప్పుడు ఆమె ఇంట్లో బియ్యం డబ్బా తేలింది, నీళ్లు నిలిచిన గీత గోడ మీద సున్నం కింద ఇప్పటికీ కనిపిస్తుంది. కొత్త డ్రైనేమో ఆ మూలకు ముప్పై అడుగుల ముందే ఆగిపోతోంది. సారు కాసేపు మ్యాప్ చూసి, అక్కడ పెన్నుతో సున్నా చుట్టాడు. పని మారుతుందో లేదో తర్వాత సంగతి.

తెలంగాణ 2019 మున్సిపల్ చట్టంలో ప్రతి వార్డుకూ నాలుగు కమిటీలు రాశారు, యువతకు, మహిళలకు, సీనియర్ సిటిజన్లకు, ప్రముఖులకు, ఒక్కోదాంట్లో 15 మంది. మా గల్లీలో ఎవరికీ తెలియదు (నాకూ మొన్నటిదాకా తెలియదు). 2023 జనవరిలో కామారెడ్డి రైతులు మాస్టర్ ప్లాన్ (ఊళ్లో ఏ భూమి దేనికి వాడాలో చెప్పే ప్లాన్) మీద రోడ్డెక్కాకే మున్సిపల్ కౌన్సిల్ తీర్మానం చేసి వెనక్కి తగ్గింది, అంతదాకా తెచ్చుకోవడం ఎందుకు, ముందే తెలుగులో మ్యాప్ ఇచ్చి జనంతో రెండు గంటలు కూర్చుంటే పోయేది కదా.

సంతకం పెట్టలేదు. కాగితం వెనక ఆ మూల సంగతి రాసిచ్చి, దాన్ని ఫోటో తీసుకున్నాను. అవ్వ మాత్రం బయటికొచ్చి చాయ్ తాగించమంది.