పీవీసీ పైపులతో ఎండీవర్: బూస్టర్లు నిలబడ్డాయి, ట్యాంకు ఎక్కింది

లాస్ ఏంజిలిస్‌లో కాలిఫోర్నియా సైన్స్ సెంటర్ వాళ్లు ఎండీవర్ స్పేస్ షటిల్‌ని ఇంధన ట్యాంకు, పక్కనుండే బూస్టర్ రాకెట్లతో సహా నిలువుగా, కాసేపట్లో ఎగిరిపోతుందా అన్నట్టు నిలబెట్టారు కదా, దాని మోడల్ చేస్తున్నా. ఇప్పటికి బేస్, రెండు బూస్టర్లు, ట్యాంకు అయ్యాయి. ఆర్బిటర్, అంటే రెక్కలుండే విమానం లాంటి భాగం, సగంలో ఉంది. ఇలాంటిది చేద్దామనుకునే వాళ్లకి పనికొస్తాయని కొలతలూ సామాన్లూ అన్నీ రాసి పెడుతున్నా, కొంచెం పొడుగే ఉంటుంది.

నేను చేస్తున్నది లాంచ్ ప్యాడ్ మోడల్ కాదు, మ్యూజియంలో ఉన్న షటిల్. చూడ్డానికి రెండూ ఒకటే అనిపిస్తాయి గానీ పని మొదలుపెట్టాక తేడా తెలుస్తుంది. ప్యాడ్ మీద అన్నీ కొత్తగా, శుభ్రంగా ఉంటాయి. మ్యూజియంలో ఉన్న ఆర్బిటరేమో 25 సార్లు అంతరిక్షానికి వెళ్లొచ్చి ఒళ్లంతా చారలు పడిన మనిషి, దాని పక్కనున్న ట్యాంకు ఒక్కసారి కూడా ఎగరలేదు. వెనక కనిపించే ఇంజన్లు కూడా అసలువి కాదు. అసలు ఇంజన్లను నాసా తన కొత్త ఎస్ఎల్ఎస్ రాకెట్ కోసం దాచుకుని, షటిళ్లకి నాజిల్స్ (మంట బయటికొచ్చే గంట లాంటి మూతులు) ఉన్న డమ్మీలు బిగించి పంపింది. కాబట్టి నాజిల్స్ వెనక పైపుల గజిబిజి చేయాలా అని టెన్షన్ అక్కర్లేదు.

మిగతా షటిళ్లలో ఏదైనా చేయొచ్చుగా అని మా తమ్ముడు అడిగాడు. డిస్కవరీ వాషింగ్టన్ దగ్గర ఉద్వార్-హేజీ సెంటర్ మ్యూజియంలో చక్రాల మీద నిలబడి ఉంది, ఎంటర్‌ప్రైజ్ న్యూయార్క్‌లో ఇంట్రెపిడ్ అనే మ్యూజియం నౌక మీద ఉంది. అట్లాంటిస్‌ని కెన్నెడీ స్పేస్ సెంటర్‌లో 43.21 డిగ్రీల వాలులో, కార్గో తలుపులు తెరిచి, గాల్లో తేలుతున్నట్టు పెట్టారు, ఆ అంకెలు కౌంట్‌డౌన్ కోసమే. ఫొటోల్లో అట్లాంటిసే అందంగా ఉంటుంది, ఒప్పుకుంటా. కానీ ఆర్బిటర్ ఒంటరిగా పైకెళ్లే బండి కాదు. ఆ ట్యాంకూ ఆ రెండు బూస్టర్లూ పక్కన లేకపోతే చూసేవాళ్లకి అది లావుపాటి విమానంలా కనిపిస్తుంది. పూర్తి వరస నిలబెట్టి ఉన్నది ఒక్క లాస్ ఏంజిలిస్‌లోనే. దానికోసం వాళ్లు వదులుకున్నది కూడా ఉంది లెండి. ముందు పడుకోబెట్టి ఉంచినప్పుడు జనం కడుపు కింద నడుస్తూ వేడి తట్టుకునే టైల్స్ చూసేవాళ్లు, ఇప్పుడు ఆ వైపు ట్యాంకుకి తిరిగిపోయింది.

స్కేల్ సంగతి. నేను స్కేల్ ముందు అనుకుని సామాను వెతకలేదు, పైపుల షాపులో స్కేల్ దొరికింది. అసలు బూస్టర్ వ్యాసం 3.71 మీటర్లు, ట్యాంకు వ్యాసం 8.4 మీటర్లు. మన దగ్గర పీవీసీ పైపులు బయటి కొలతతో 40 మి.మీ., 90 మి.మీ. దొరుకుతాయి. భాగించి చూడండి, రెండూ దాదాపు 1/93 దగ్గరికే వస్తాయి! తేడా ఒక శాతంలోపే. ఇంతకంటే అదృష్టం ఉండదు. మా వైజాగ్‌లో పూర్ణా మార్కెట్ వైపు ఒక షాపుకి వెళ్లి అడిగితే “ఎన్ని లెంగ్తులు కావాలి సార్?” అన్నాడు. “లెంగ్తులు కాదండి, ఇదో రెండడుగులు, అదో నాలుగడుగులు” అంటే కాసేపు నా మొహం చూసి, “మిగులు ముక్కలు వెనకాల ఉన్నాయి, ఏరుకోండి” అన్నాడు. మీరూ అలాగే అడగండి, ముక్కలు చాలా తక్కువకి వస్తాయి. చివర్లు గుండ్రంగా ఉన్నాయో లేదో మాత్రం చూసుకోండి, ఎండలో పడున్న 90 పైపు కోడిగుడ్డు ఆకారంలోకి వెళ్తుంది.

1/93లో పూర్తి ఎత్తు 60 సెం.మీ. పైచిలుకు. ట్యాంకు 50, బూస్టర్ 49, ఆర్బిటర్ పొడుగు 40, రెక్కల వెడల్పు 25.6 సెం.మీ. వస్తాయి. ఆర్బిటర్‌ని ఎత్తిన పెద్ద క్రేన్ కూడా పెడదామనిపించింది గానీ అది 450 అడుగులు, అంటే మనకి దాదాపు మీటరున్నర. టేబుల్ మీద పెడితే ఫ్యాన్‌కి తగులుతుంది. వదిలేశా.

బేస్ దగ్గరే ఎక్కువ ఆలోచించాలి, ఎందుకంటే అసలుదానిలో కూడా తెలివంతా అక్కడే ఉంది. లాస్ ఏంజిలిస్ అంటే భూకంపాల ఊరు. అందుకే మొత్తం వరసని 1,800 టన్నుల కాంక్రీట్ దిమ్మ మీద నిలబెట్టారు, ఆ దిమ్మ 8 అడుగుల మందం, దాని కింద ఆరు బేస్ ఐసొలేటర్లు. నేల ఊగినా దిమ్మ నెమ్మదిగా కదిలేలా చేస్తాయవి. దాని పైన బరువంతా మోసేది బూస్టర్ల కింది స్కర్టులు, అంటే గంటలా వెడల్పయ్యే అడుగు భాగాలు. లాంచ్ ప్యాడ్ మీద కూడా అంతే, ఒక్కో స్కర్టుకి నాలుగు చొప్పున ఎనిమిది చోట్ల బిగించేవాళ్లు. ట్యాంకు కింద ఏ స్టాండూ ఉండదు, అది బూస్టర్ల మధ్య వేలాడుతుంది, ఆర్బిటర్ ట్యాంకుని పట్టుకుని వేలాడుతుంది. లాంచ్‌లో ఆ బోల్టుల నట్లు పేలి విడిపోవాలి, మ్యూజియంలో ఎప్పటికీ విడిపోకూడదు, అంతే తేడా.

మార్కెట్లో దొరికే చాలా మోడళ్లలో ట్యాంకు కిందో ఆర్బిటర్ కిందో ప్లాస్టిక్ కడ్డీ ఒకటి ఉంటుంది. నాకది నచ్చదు. నా మోడల్లో కూడా బరువు స్కర్టుల ద్వారానే దిగాలి అనుకున్నా, మిగతా పనంతా దాని చుట్టూనే తిరిగింది. 8 అడుగుల మందం మనకి 26 మి.మీ. అవుతుంది. 12 మి.మీ. ప్లైవుడ్ ముక్కలు రెండు ఫెవికాల్‌తో అతికించి క్లాంపు వేసి, పైనా కిందా 1 మి.మీ. సన్‌మైకా వేస్తే కచ్చితంగా సరిపోయింది. దాని కింద ఆరు రబ్బరు వాషర్లు, వాటి కింద గ్రానైట్ పలక ముక్క. గ్రానైట్ ఎందుకంటే బరువు కోసం, లేకపోతే పిల్లలు పక్క నుంచి పరిగెడితే పైన ఊగుతుంది.

బూస్టర్లకి 40 పైపు 41 సెం.మీ. కోసుకోండి. పైన కోన్ 5 సెం.మీ. పైన కొద్దిగా, కింద స్కర్టు 2.5 సెం.మీ. స్కర్టు కింది వెడల్పు 58 మి.మీ. పల్చటి కార్డు మూడు పొరలు చుట్టి కోన్ చేశా, లోపల ప్లైవుడ్ బిళ్ల పెట్టా, బరువు మోసేది ఆ బిళ్లే, కార్డు కేవలం చూడ్డానికి. పైపు లోపల పొడుగునా 8 మి.మీ. మరల రాడ్డు, కిందా పైనా మధ్యలో చెక్క బిళ్లలు, బేస్ కింద నట్టు. నట్టు కూర్చోడానికి ప్లైవుడ్ కింద గుంట చేసుకోవాలి, లేకపోతే వాషర్లు నేలకి ఆనవు. రెండు రాడ్ల మధ్య దూరం 137 మి.మీ. ఇది చాలా ముఖ్యం. అసలుదానిలో ట్యాంకుకీ బూస్టర్‌కీ మధ్య ఖాళీ ఒక అడుగు, మనకి 3 మి.మీ. బేస్‌లో రంధ్రాలు డ్రిల్ ప్రెస్ ఉన్నవాళ్ల దగ్గరే వేయించండి, చేత్తో వేస్తే బూస్టర్లు పైకి వెళ్లేకొద్దీ ఒకదానికొకటి దూరమవుతాయి.

పీవీసీ మీద పెయింట్ నేరుగా పట్టదు. 220 నంబరు గరుకు కాగితంతో రుద్ది, కంపెనీ అక్షరాలు పోయేదాకా రుద్ది, ప్లాస్టిక్ ప్రైమర్ ఒక పొర, తర్వాత తెలుపు పల్చగా రెండు పొరలు. మోటారు (బూస్టర్‌లో ఇంధనం ఉండే పొడుగు గొట్టం) ముక్కల అతుకుల దగ్గర సన్నటి టేపు ఒక చుట్టు చుట్టి దాని మీదే పెయింట్ కొట్టండి.

లాస్ ఏంజిలిస్‌లో కూడా పని ఇదే వరసలో జరిగింది. 2023 జులై 20న స్కర్టులు దించారు, నవంబరులో మోటార్లు ఎక్కించారు, 2024 జనవరి 12న ట్యాంకు, జనవరి 29 రాత్రి మొదలుపెట్టి తెల్లారేలోపు ఆర్బిటర్. రెండు క్రేన్లతో పడుకున్నదాన్ని పడుకున్నట్టే లేపి, గాల్లోనే నిలువుగా తిప్పి, తోక వైపు క్రేన్ వదిలేశాక పెద్ద క్రేన్ ఒక్కటే దాన్ని ట్యాంకు పక్కకి దించింది. ఆ తర్వాత దాని చుట్టూ భవనం కట్టారు. ముందు భవనం కడితే లోపలికి తేవడానికి దారి ఉండదు కదా. మా వైజాగ్ బీచ్ రోడ్డులో కురుసురా సబ్‌మెరైన్‌ని ఇసుక మీదకి లాగి నిలబెట్టారు, దాని ఎదురుగా ఉన్న టీయూ-142 విమానాన్ని విడగొట్టి తెచ్చి మళ్లీ బిగించారు. ఎండీవర్‌ని విడగొడితే టైల్స్ పాడవుతాయి, అందుకే 2012 అక్టోబరులో ఎయిర్‌పోర్టు నుంచి 12 మైళ్లు వీధుల్లోంచి అలాగే నడిపించారు, దారిలో దాదాపు 400 చెట్లు కొట్టేశారు. కొట్టినవాటికంటే ఎక్కువ నాటుతామని మాటిచ్చారు గానీ ఆ వీధుల వాళ్లకి కోపం రాకుండా ఎలా ఉంటుంది.

ఇక ట్యాంకు. దీని పేరు ఈటీ-94, ఈటీ అంటే ఎక్స్‌టర్నల్ ట్యాంక్. ఎగరడానికి చేసి, ఎగరకుండా మిగిలిపోయిన ట్యాంకు. 2003లో కల్పనా చావ్లా వెళ్లిన కొలంబియా ప్రమాదం ట్యాంకు మీద ఇన్సులేషన్‌గా ఉండే గట్టి నురుగు ముక్క ఊడి రెక్కకి తగలడం వల్ల జరిగింది కదా, ఆ ట్యాంకు ఈటీ-93, దీని తోబుట్టువే. దర్యాప్తులో పరీక్షల కోసం ఈటీ-94 మీద నుంచి నురుగు కోసి తీసుకున్నారు. తర్వాత ఏళ్ల తరబడి న్యూ ఆర్లీన్స్ దగ్గర మిషూలో ఉండి, 2016లో పడవ మీద పనామా కాలువ దాటి కాలిఫోర్నియా చేరింది. అక్కడ నురుగుకి మరమ్మతులు చేశారు.

అందుకే దీనికి ఫ్యాక్టరీ నారింజ రంగు వేయకూడదు. ఆ నురుగు కొత్తలో లేత పసుపుగా ఉండి, ఎండ తగిలేకొద్దీ నారింజ, తర్వాత గోధుమ రంగుకి వెళ్తుంది. (మొదటి రెండు ప్రయాణాల్లో ట్యాంకుకి తెల్ల పెయింట్ వేసేవాళ్లు, ఆ పెయింటే 270 కిలోల పైన ఉందని మానేశారు.) నేను ఎల్లో ఆకర్ కింద పొరగా వేసి, మీద బర్న్‌ట్ సియెన్నా స్పాంజితో అద్దా, అక్కడక్కడా చదరపు మచ్చలు లేతగా వదిలా, మరమ్మతు చేసినట్టు. నురుగు గరుకుదనం కోసం ప్రైమర్‌లో టాల్కమ్ పౌడర్ కలిపితే చాలు. గోడ పుట్టీ వాడొద్దు, పీవీసీ మీద కొన్నాళ్లకి పెచ్చులు లేస్తుంది.

పైన కోసుగా ఉండే భాగం పైపుతో రాదు, పేపరుతో చేస్తే ముడతలు పడుతుంది. దీనికి నేను ఏటికొప్పాక వెళ్లా. లక్క బొమ్మలు చేసే ఊరు, అంకుడు కర్రని లేతు మీద తిప్పడంలో వాళ్లని మించినవాళ్లు లేరు. అట్ట మీద సగం ఆకారం కోసి అచ్చులా తీసుకెళ్లా, 90 మి.మీ. వ్యాసం, 14.5 సెం.మీ. ఎత్తు. పెద్దాయన తిప్పి చూసి “ఇదేం బొమ్మ బాబూ, గోపురమా?” అన్నారు. “కాదు బాబాయ్, రాకెట్ ట్యాంకు మూతి” అన్నా. “మూతే ఇంతుంటే గిన్నె ఎంతుంటుందో” అని నవ్వి, అంత లావు అంకుడు ముక్క వెతకడానికి టైం పడుతుందని చెప్పి, చివరికి అడుగు భాగంలో గుండ్రటి ముక్క కూడా చేసిచ్చారు. లక్క వద్దని ముందే చెప్పండి, దాని మీద పెయింట్ నిలవదు. మా సముద్రపు గాలికి కర్ర ఉబ్బుతుంది కాబట్టి సాండింగ్ సీలర్ రెండు పొరలు తప్పనిసరి.

మధ్యలో గీతలు గీతలుగా ఉండే పట్టీని ఇంటర్‌ట్యాంక్ అంటారు, మనకి 7.4 సెం.మీ. వెడల్పు. స్టేషనరీ షాపుల్లో పిల్లల ప్రాజెక్టులకి అమ్మే సన్న ముడతల షీటు చుడితే బాగా కుదిరింది. బూస్టర్ల పై జాయింటు కూడా ఇక్కడే, అసలుదానిలో అడ్డంగా ఒక దూలం ఉంటుంది, నా దాంట్లో 6 మి.మీ. రాడ్డు. అది ట్యాంకులోంచి దూరి రెండు బూస్టర్ల లోపలి బిళ్లలకి బిగుస్తుంది. కింద సన్నటి ఇత్తడి కడ్డీలు. అంతా బిగించాక ట్యాంకు అడుగున కార్డు పెట్టి లాగి చూశా, ఎక్కడా తగలకుండా వచ్చేసింది.

ఆర్బిటర్‌కి 1/100 పేపర్ మోడల్ తీసుకుని 107.5 శాతానికి పెంచి ప్రింట్ తీయించా. ‘ఫిట్ టు పేజ్’ తీసేయమని డీటీపీ షాపులో దగ్గరుండి చెప్పండి, ఏ4లో పట్టదు, ఏ3 కావాలి, 160 జీఎస్ఎం. లేజర్ ప్రింటే తీయండి, ఇంక్‌జెట్ అయితే మ్యాట్ లాకర్ కొట్టగానే నలుపు పారుతుంది. లోపల వెన్నెముకలా ఫోమ్‌బోర్డు, తోక దగ్గర ఒక ప్లైవుడ్ పలక, ఎందుకంటే మూడు జాయింట్లలో రెండు అక్కడే. మూడోది ముక్కు వైపు, రెండు కాళ్ల చిన్న బ్రాకెట్. కడుపు వైపు నల్ల టైల్స్ మీద ఎక్కువ టైం పెట్టకండి, నిలబెట్టాక కనపడవు. ఆ టైం ముక్కు చుట్టూ, తోక పక్కనున్న రెండు బుంగల మీద పడిన బూడిద రంగు చారలకి ఇవ్వండి, పేస్టల్ పెన్సిల్ పొడి చేసి పొడి బ్రష్‌తో వెనక్కి లాగితే చాలు.

మిగిలింది పరంజా. 2024 జనవరిలో ఉన్నట్టు, భవనం లేకుండా, చుట్టూ పరంజాతో చూపించాలని ఉంది. అసలు గొట్టం 48 మి.మీ. ఉంటుంది, అంటే మనకి అర మి.మీ. అగరుబత్తీ పుల్లలు దానికి మూడింతలు లావు. మోటార్ వైండింగ్ షాపులో 0.5 రాగి తీగ కిలోల లెక్కన ఇస్తారు. ఒక చివర వైస్‌లో బిగించి, ఇంకో చివర డ్రిల్లుకి తగిలించి లాగుతూ తిప్పితే గీత గీసినట్టు తిన్నగా వస్తుంది, మీద ఉన్న ఎనామిల్ గీకితేగానీ సోల్డర్ పట్టదు. ఒక అంతస్తు చేసి చూశా, నిలబడుతోంది. ముందు ఆర్బిటర్ రెక్కలు పూర్తి చేసి ఎక్కించాలి, పరంజా కట్టాక చెయ్యి దూరదు.